మేనమామ పెంటాక్స్ కె1000: సర్వీసుకు 6,500 అడుగుతున్నారు, పెట్టొచ్చా?

వేళచ్చేరి_రేవతి · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు.

చెన్నై సాలిగ్రామంలో ఉండే మా మేనమామ ఇల్లు మారుతూ తన పాత ఫిల్మ్ కెమెరా, పెంటాక్స్ కె1000, నాకిచ్చేశాడు. 50 ఎంఎం ఎఫ్2 లెన్సు, గోధుమరంగు తోలు కేసు, మూడు ఖాళీ రీలు డబ్బాలు కూడా ఇచ్చాడు. ఒకప్పుడు గూడూరు, నాయుడుపేట వైపు పెళ్లిళ్లు తీసేవాడు. ఇరవై ఏళ్లుగా కెమెరా బీరువాలో చీరల కింద, కలరా ఉండల మధ్య పడి ఉంది.

కొత్త బ్యాటరీ వేస్తే వెలుతురు కొలిచే మీటరు ముల్లు కదిలింది. ఆ సంతోషంలో ఒక కొడాక్ గోల్డ్ 200 రీలు ఎక్కించి బెసంట్ నగర్ బీచ్‌లో కొన్ని, మైలాపూర్ మాడవీధుల్లో కొన్ని, ఇంట్లో కొన్ని తీశాను. 36లో 11 ఫోటోలకు ఒక పక్క నల్లటి పట్టీ వచ్చింది. ఇంకొన్నిటికి అంచున నారింజ రంగు చారలు. మిగతావి మాత్రం చాలా బాగా వచ్చాయి. అదే వచ్చిన చిక్కు. అన్నీ పాడైపోయి ఉంటే షోకేసులో పెట్టి ఊరుకునేదాన్ని.

రెండు చోట్ల చూపించాను. ఒకాయన 6,500 అన్నాడు, మొత్తం విప్పి చేయాలి, నెల పడుతుందన్నాడు. ఇంకో చోట 2,200, ఎల్లుండి వచ్చి తీసుకెళ్లమన్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే "టెస్ట్ చేసినది" అని లెన్సుతో సహా 11, 12 వేలకు ఇదే కెమెరా దొరుకుతోంది. మామయ్యను అడిగితే, "నేను దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో 2,800కి కొన్నానే, ఇప్పుడు బాగుచేయడానికి 6,500 ఏమిటే" అని నవ్వాడు.

ఏం చేయమంటారు?


గ్రెయిన్_గోపి · శనివారం, రాత్రి 10:05

పెట్టొద్దు. కె1000 అంటే అరుదైన వస్తువేం కాదు. 1976 నుంచి 1997 దాకా చేశారు, 30 లక్షలకు పైగా. సర్వీసు చేయించాక అమ్మితే పెట్టింది కూడా రాదు. ఆ 6,500తో నాలుగు రీళ్లు కొని ఎవరిదైనా కెమెరా అరువు తెచ్చుకుని తీయండి. నా దగ్గర రెండున్నాయి, ఒకటి ఇస్తాను.


కోడంబాక్కం_బాబాయ్ · శనివారం, రాత్రి 11:20

రేవతమ్మా, నల్లపట్టీ పడిన పదకొండూ బీచ్‌లో తీసినవేనా? ఇంట్లో తీసినవాటిలో ఒక్కదానికైనా పడిందా? చూసి చెప్పు.


వేళచ్చేరి_రేవతి · శనివారం, రాత్రి 11:32

బాబాయ్ గారూ, ఇప్పుడే నెగటివ్‌లు తీసి చూశాను. పదకొండూ బీచ్‌లోవే! ఇంట్లోవి ఒక్కటి కూడా లేదు. మీకెలా తెలిసింది?


కోడంబాక్కం_బాబాయ్ · ఆదివారం, ఉదయం 6:15

నిద్ర పట్టక రాత్రే రాద్దామనుకున్నాను, మా ఆవిడ ఫోను లాక్కుంది.

బీచ్‌లో ఎర్రటి ఎండ. 200 ఫిలిం. నువ్వు లెన్సు రంధ్రం ఎఫ్8 పెట్టి ఉంటావు, ముల్లు మధ్యకు రావాలంటే స్పీడు 1000 దగ్గరికి, అంటే సెకనులో వెయ్యో వంతుకు, తిప్పి ఉంటావు. ఇంట్లో 60, 30. అవునా? కె1000లో షట్టరు అంటే రెండు గుడ్డ తెరలు, ఎడమా కుడీ దిశలో పరుగెత్తుతాయి. మొదటిది తెరుస్తుంది, రెండోది వెనకే వచ్చి మూస్తుంది. 1000 స్పీడులో ఫ్రేమంతా ఒకేసారి తెరుచుకోదు. రెండు తెరల మధ్య సన్నటి సందు ఒకటి ఫిలిం మీదుగా జారుకుంటూ పోతుంది. లోపలి నూనె ఎండిపోయి మొదటి తెర కాస్త నీరసించిందనుకో, రెండోది దాన్ని దారిలోనే అందుకుంటుంది. సందు మూసుకుపోతుంది. అక్కణ్ణుంచి చివరిదాకా ఫిలిం మీద వెలుతురే పడదు. అదే నీ నల్లపట్టీ. ఇంట్లో 60 పెట్టినప్పుడు రెండింటి మధ్యా బోలెడు ఎడం ఉంటుంది కాబట్టి తెలియదు.

ఇంకో మాట. ఇది పెళ్లిళ్ల కెమెరా. దీనికి ఫ్లాష్ కలిసేది 60 దాకానే. అంటే మీ మామయ్య చేతిలో ఇది జీవితమంతా 60 దగ్గరే గడిపి ఉంటుంది. 1000 దాకా డయల్ తిప్పిన మొదటి మనిషివి నువ్వేనేమో!

నారింజ చారలు వేరే జబ్బు. వెనక తలుపు అంచుల్లో నల్లటి ఫోము ఉంటుంది, అది కుళ్లి తారులా జిగటబారిపోతుంది. సందులోంచి వెలుతురు దూరి ఫిలిం వెనక వైపు నుంచి పడుతుంది కాబట్టి ఆ రంగు. వేలితో ముట్టుకుని చూడు, నల్లగా అంటుకుంటుంది. సబ్బుతో ఒక పట్టాన పోదు, ముందే చెబుతున్నాను.


గ్రెయిన్_గోపి · ఆదివారం, ఉదయం 8:50

బాబాయ్, మీరే నా వాదన గెలిపించారు. 200 ఫిలింకి ఎండలో ఎఫ్16 పెట్టి 250 స్పీడులో తీస్తే సరిపోతుంది. 1000తో పనే లేదు. ఫోము ముక్క కత్తిరించి తనే అంటించుకోవచ్చు, వంద రూపాయల పని. మొత్తం ఖర్చు వంద. జబ్బు నయం.


తెరవెనక_రవి · ఆదివారం, ఉదయం 10:30

మా నాన్న ప్యారీస్ కార్నర్ పక్క సందులో ముప్పై ఏళ్లు కెమెరాలు, బైనాక్యులర్లు బాగుచేశారు. నేను ఐటీలోకి వచ్చేశాను గానీ చిన్నప్పుడు స్కూలు అయ్యాక ఆ బల్ల పక్కనే హోంవర్కు చేసుకునేవాణ్ణి. అందుకని బల్ల అవతలి వైపు నుంచి కొంచెం చెబుతాను.

ముందు గోపిగారికి. 1000లో తెర మూసుకుపోతోందంటే 250లో అంతా బాగుందని కాదు. అక్కడ కూడా రెండు తెరలూ ఒకే వేగంతో పోవు, ఫ్రేములో ఒక పక్క కొంచెం చీకటిగా, ఇంకో పక్క తెల్లగా ఉంటుంది. రేవతిగారూ, ఆకాశం ఎక్కువగా ఉన్న ఫోటో ఒకటి తీసి రెండు మూలలూ పోల్చి చూడండి. ఇది ముదిరే జబ్బే గాని తగ్గేది కాదు.

ఇక ఆ 2,200, ఎల్లుండి అన్న సంగతి. వాళ్లు మోసగాళ్లని నేననను. కానీ రెండు రోజుల్లో ఏం చేస్తారో నాకు తెలుసు. అడుగు ప్లేటు విప్పితే తెరలను లాగే స్ప్రింగుల బిగింపు మార్చే చోటు కనబడుతుంది. మొదటి తెర బిగింపు కాస్త పెంచితే చాలు, పట్టీ మాయం. అరగంట పని. కస్టమరు ముందే 1000లో కొట్టి చూపిస్తే ఆయన సంతోషంగా డబ్బిచ్చి వెళతాడు. లోపల ఎండిన గ్రీజు మాత్రం అలాగే ఉంటుంది. ముసలి ఎద్దును ముల్లుకర్రతో పొడిచి నడిపించినట్టు. ఏడాదికో, ఏడాదిన్నరకో మళ్లీ పట్టీ వస్తుంది, అప్పటికి స్ప్రింగు బిగించడానికి చోటు ఉండదు.

సరైన పని అంటే పై ప్లేటు, అడుగు ప్లేటు విప్పి, లెన్సు వెనక అద్దం ఉండే పెట్టె బయటికి తీసి, తెరల రోలర్లు, పళ్లచక్రాలు కడిగి, ఎక్కడ ఎంత కావాలో అంతే నూనె సూదిమొనతో పెట్టి, అప్పుడు బిగింపు మళ్లీ మొదటి నుంచి సరిచేయడం. మా నాన్న అనేవారు, కడిగాక బిగింపు పెంచాల్సి వస్తే నువ్వు సరిగా కడగలేదని అర్థం అని. పాత కెమెరాలో బ్యాటరీ గది నుంచి వెళ్లే తీగ పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, ముట్టుకుంటే తెగుతుంది, దాన్ని మళ్లీ సోల్డరు చేయాలి. రెండు నిండు రోజుల పని, మధ్యలో ఫోను ఎత్తకుండా చేస్తే. ఇప్పుడు చెప్పండి, 6,500 ఎక్కువా?

ఇంకోటి చూడండి. పై ప్లేటు, అడుగు ప్లేటు స్క్రూల తలలు అరిగి ఉన్నాయా? జపాను స్క్రూల గాడి మన మామూలు స్టార్ స్క్రూడ్రైవరుకు సరిగా కూర్చోదు, జారి తల చెక్కేస్తుంది. అరిగి ఉంటే ఎవరో సరైన పనిముట్టు లేకుండా ముందే చేయి పెట్టారన్నమాట.


లెక్కల_లక్ష్మి · ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఆదివారం కదా, అన్నం తిని లెక్క వేశాను.

నేను కొనే చోట గోల్డ్ 200 రీలు 950. డెవలప్, స్కాన్ కలిపి 500. మొత్తం 1,450. ఫ్రేముకు సుమారు 40 రూపాయలు. రేవతిగారికి 11 పోయాయి, అంటే రీలుకు 440 నష్టం. 6,500ని 440తో భాగిస్తే దాదాపు 15. పదిహేను రీళ్లు తీస్తే సర్వీసు డబ్బులు వెనక్కి వచ్చినట్టు. నెలకో రీలు తీసే మనిషైతే ఏడాది పైన మూడు నెలలు. సంవత్సరానికి రెండు రీళ్లు తీసి ఇన్‌స్టాలో పెట్టే మనిషైతే ఏడున్నరేళ్లు.

కాబట్టి ప్రశ్న కెమెరా గురించి కాదండీ. మీరు నెలకు ఎన్ని తీస్తారు?

(నేను ఏడాదికి రెండు తీసే బాపతే. నా కెమెరా సర్వీసు చేయించలేదు.)


గ్రెయిన్_గోపి · ఆదివారం, మధ్యాహ్నం 1:25

1000 స్పీడు వాడకపోతే నష్టం సున్నా. సున్నాతో భాగించండి లక్ష్మిగారూ.


లెక్కల_లక్ష్మి · ఆదివారం, మధ్యాహ్నం 1:31

రవిగారు చెప్పింది చదవకుండా మీరు సున్నా వేస్తే నేనేం చేయను.


అడయారు_తడి · ఆదివారం, సాయంత్రం 5:45

నా పేరు చూసి నవ్వేవాళ్లకు ముందే దండం. 2015 డిసెంబరు 1 రాత్రి మా ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. బీరువా కింది అరలో నికాన్ ఎఫ్‌ఎం2. మూడో రోజు తీశాను. ఎవరో చెప్పారని బియ్యం డబ్బాలో పెట్టాను, పది రోజులు. అది నేను చేసిన తప్పుల్లో పెద్దది. బియ్యం పైతేమను కొంచెం లాగుతుందేమో గాని లోపల చేరిన బురద నీళ్లను ఏం చేస్తుంది? ఆ పది రోజుల్లో స్క్రూలు, స్ప్రింగులు తుప్పు పట్టాయి. షట్టరు రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వెంటనే బ్యాటరీ పీకి, మెకానిక్ చేతిలో పెట్టి ఉంటే బతికేదేమో.

ఆ తర్వాత 4,000 పెట్టాను. రెండు నెలలు పని చేసి మళ్లీ బిగుసుకుపోయింది. ఇంకో 3,000 అన్నారు. అప్పుడు ఆగాను. ఇప్పుడది విడిభాగాలకు పనికొస్తోంది, దాని రీవైండ్ నాబ్ వేరొకరి కెమెరా మీద తిరుగుతోంది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మా అమ్మ కొనిచ్చింది, మేనమామ ఇచ్చాడు, ఈ లెక్క మెకానిక్‌కు చెప్పకండి. అది విన్నాక ఎవరూ "వద్దండీ, వదిలేయండి" అనరు. నాకు ఎవరూ అనలేదు.

రేవతిగారిది తడిసిన కెమెరా కాదు, ఎండిన కెమెరా. తేడా ఉంది. నేనైతే పెడతాను.


నుంగంబాక్కం_నాని · ఆదివారం, రాత్రి 8:02

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నా కానన్ ఏఈ-1 క్లిక్ కొట్టినప్పుడల్లా ఈల వేసినట్టు కీచుమంటోంది. అది కూడా 6,500 జబ్బేనా?


తెరవెనక_రవి · ఆదివారం, రాత్రి 8:20

కాదు నానీ. అద్దాన్ని ఆడించే చోట పళ్లచక్రాలకు నూనె ఎండిపోయింది. ఏఈ-1లకు చాలా మామూలు. తెలిసినవాళ్లు సన్నటి సూదితో ఒక్క చుక్క పెడతారు, చవకలో అయిపోతుంది. ఒక్క చుక్కే సుమా. యూట్యూబ్ చూసి నువ్వు పెడితే అది షట్టరు మీదికి కారి అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకో, ఏఈ-1 షట్టరు ఎలక్ట్రానిక్, బ్యాటరీ లేకపోతే కదలదు. లోపలి సర్క్యూట్ పోతే ఇంకో ఏఈ-1 చంపి దీనికి పెట్టాల్సిందే. కె1000కు ఆ బాధ లేదు, బ్యాటరీ మీటరుకే, షట్టరంతా స్ప్రింగులూ చక్రాలూ. ఖర్చు పెట్టడానికి అది కూడా ఒక కారణం.


బెంగుళూరు_బుజ్జి · సోమవారం, ఉదయం 9:15

మేం బెంగుళూరు వాళ్లం చిక్‌పేట ఆదివారం సంతలో "ఫుల్ వర్కింగ్ సార్" అని కొని, ఇంటికొచ్చాక ఫుల్ ఏడుస్తాం. ఆన్‌లైన్‌లో 11 వేల కె1000 గురించి అదే నా మాట. "టెస్ట్ చేసినది" అంటే చాలామంది అమ్మేవాళ్లకు షట్టరు టక్‌మంది, ముల్లు కదిలింది అని అర్థం. అలా చూస్తే రేవతిగారి కెమెరా కూడా టెస్ట్ చేసినదే కదా. 11 వేలు పెట్టి అదే జబ్బు ఇంకోసారి కొనుక్కోవడం ఎందుకు? కొనాలనుకుంటే సర్వీసు చేసిన బిల్లు ఉన్నదే కొనండి, లేదా సర్వీసు ధర కూడా కలుపుకుని బేరమాడండి.

పూర్తిగా కొత్త ఫిల్మ్ కెమెరా కావాలంటే 2024లో పెంటాక్స్ 17 అని ఒకటి వచ్చింది. వచ్చినప్పుడు అమెరికాలో 500 డాలర్లు. పైగా అది హాఫ్ ఫ్రేమ్ (మామూలు ఫ్రేములో సగంలోనే ఒక ఫోటో), దూరం అంచనా వేసి గుర్తులు తిప్పుకోవాలి. ఆ ధరకు కె1000ను ఎన్నిసార్లు సర్వీసు చేయించవచ్చో లక్ష్మిగారు లెక్క వేస్తారు.


కోడంబాక్కం_బాబాయ్ · సోమవారం, మధ్యాహ్నం 3:00

లెన్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. మెడ్రాసులో ఇరవై ఏళ్లు తోలు కేసులో ఉన్న లెన్సుకు ఫంగస్ రాకపోతే దాన్ని మ్యూజియంలో పెట్టాలి. సముద్రం గాలి, తమిళ ఐప్పసి, కార్తీకం నెలల వానలు, దానికి తోడు ఆ తోలు. తోలు తేమ తాగి కూర్చుంటుంది. కేసు ఎండలో పడేసి వేరే చోట పెట్టు. కలరా ఉండలు పురుగుకు పనికొస్తాయి గాని తేమను లాగవు.

లెన్సు ఊడదీసి, ఎఫ్2 దగ్గర పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోను టార్చి కొట్టి ముందు నుంచి చూడు. సాలెగూడులాగా, మంచు తీగల్లాగా ఏమైనా కనబడుతుందా? దుమ్ము చుక్కలుంటే పట్టించుకోకు. సాలెగూడు ఒక మూల చిన్నగా ఉంటే విప్పి తుడిచేస్తారు, ఏం మిగలదు. ముదిరిపోతే అది అద్దం పూత తినేసి ఉంటుంది, తుడిచినా మచ్చ పోదు. ఆ లెన్సు ఎక్కువ చేశారు కాబట్టి తక్కువకే దొరుకుతుంది. శుభ్రం చేసే ఖర్చు ఇంకో లెన్సు ధరకు దగ్గరగా ఉంటే ఇంకోటి కొనుక్కో. కెమెరా బాడీకి ఖర్చు పెట్టడం, లెన్సుకు ఖర్చు పెట్టడం ఒకే లెక్కలో కలపకు.

మా రోజుల్లో స్టూడియో స్టిల్స్ డిపార్టుమెంటులో కెమెరాలు బల్బు వెలిగే చెక్క బీరువాలో ఉండేవి. 15 వాట్ల బల్బు, పగలూ రాత్రీ. అదే మా డ్రై క్యాబినెట్టు. ఊటీ ఫ్యాక్టరీ "ఇందు" రీళ్లు కూడా అందులోనే పెట్టేసి మేనేజరు చేత తిట్లు తిన్నాం, ఫిలింకు వేడి తగలకూడదుగా.


వేళచ్చేరి_రేవతి · సోమవారం, రాత్రి 10:40

అందరికీ ధన్యవాదాలు. ఒక్కొక్కటీ చేశాను.

ఫోము: వేలు నల్లబడింది. బాబాయ్ గారు చెప్పినట్టే సబ్బుతో పోలేదు, కొబ్బరినూనె రాస్తే పోయింది.

లెన్సు: ముందు అద్దం వెనక ఒక మూల గోరంత సాలెగూడు. అంతే.

స్క్రూలు: అడుగు ప్లేటులో ఒకదాని తల అరిగింది. మిగతావి బాగున్నాయి.

షట్టరు: వెనక తలుపు తెరిచి, లెన్సును ఆకాశం వైపు పెట్టి 1000లో కొట్టి చూశాను. ఫ్రేములో ఒక పక్క చీకటి స్పష్టంగా కనబడింది. తర్వాత ఫోను స్లోమోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములు, తక్కువ స్పీడులు తీశాను. ఒక సెకనుకు 240 రావాలి, నాకు 301 వచ్చాయి. పావు సెకనుకు 60 రావాలి, 74 వచ్చాయి. ఎనిమిదో వంతుకు 30 రావాలి, 31. ఫ్రేములు ఒక్కొక్కటీ లెక్కపెట్టి కళ్లు పోయాయి.

ఇప్పుడు ఈ అంకెలు ఏం చెబుతున్నట్టు?


తెరవెనక_రవి · సోమవారం, రాత్రి 11:05

బాగా చేశారు. నెమ్మది స్పీడులకు వేరే గడియారం లాంటి చక్రాల వరస ఉంటుంది, అది ఈడ్చుకుంటోంది. పాతిక శాతం తేడా అంటే నెగటివ్ ఫిలిం మీద కంటికి కనబడదు, కొంచెం ఎక్కువ వెలుతురు పడితే అది తట్టుకుంటుంది. స్లయిడ్ ఫిలిం వేస్తే మాత్రం తెలుస్తుంది. కాబట్టి మీ అసలు బాధ తెరలు, ఫోము. రెండూ లోపలి పనే.

ఈ అంకెలున్న కాగితం పట్టుకుని 6,500 ఆయన దగ్గరికి వెళ్లండి. "ఇవి ఇప్పటి స్పీడులు, చేశాక స్పీడులు మీరు రాసి ఇవ్వగలరా" అని అడగండి. స్పీడు కొలిచే టెస్టరున్న మనిషి సంతోషంగా ఒప్పుకుంటాడు. లేని మనిషి "అదంతా మా అనుభవం మేడం" అంటాడు. మీటరు సరిచేయడం, అద్దం పైకి లేచి తగిలే చోటి ఫోము మార్చడం ఆ ధరలో ఉన్నాయా అనీ అడగండి, ఫోము అంటే వెనక తలుపుదే అనుకుని అద్దందాన్ని వదిలేస్తారు చాలామంది. మూడు నెలలన్నా వారంటీ లేకపోతే ఒప్పుకోకండి.


టి.నగర్_సూరి · మంగళవారం, ఉదయం 7:30

నాకు మౌంట్ రోడ్డు వైపు ఒక అనుభవం ఉంది. దుకాణం పేరు చెప్పను. మినోల్టా ఎస్‌ఆర్‌టీ 101 "ఫుల్ సర్వీస్" అని 3,500 తీసుకున్నారు. ఇంటికొచ్చి చూస్తే బయట తళతళ, స్లో స్పీడు ఎప్పట్లాగే ఇరుక్కుంటోంది. అడిగితే "పాత కెమెరా సార్, అంతే ఉంటుంది" అన్నారు. ముందు అంకెలు రాసుకోలేదు కాబట్టి నా దగ్గర రుజువు లేదు. రవిగారి కాగితం మాట బంగారం.

అదే కెమెరాకు ఇంకో బాధ, అది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి చేసినది, అవి ఇప్పుడు రావు. మామూలు 1.5 వేస్తే మీటరు తప్పు చెబుతోంది. ఎవరికైనా ఉపాయం తెలుసా?


అడయారు_తడి · మంగళవారం, ఉదయం 8:10

చెవిటి మిషన్లు అమ్మే షాపులో 675 సైజు జింక్-ఎయిర్ బ్యాటరీ అడగండి, 1.4 వోల్టులు. గదిలో వదులుగా ఉంటుంది, చుట్టూ ఒక రబ్బరు రింగు పెడితే సరి. స్టిక్కరు పీకాక ఒకటి రెండు నెలలే వస్తుంది, అందుకని రీలు ఎక్కించినప్పుడే పీకండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ షాపు అమ్మాయి పాపం గట్టిగా అరిచి మాట్లాడింది నాతో.


గ్రెయిన్_గోపి · మంగళవారం, ఉదయం 9:00

సరే, నేను కొంచెం దిగొస్తున్నాను. బాగుచేయించండి. కానీ ఒక షరతు, నెలకో రీలు తీయాలి. బాగుచేయించి మళ్లీ బీరువాలో పెడితే లోపలి నూనె మళ్లీ ఎండుతుంది, 6,500 చీరల కింద పెట్టినట్టే. రీలు లేకపోయినా వారానికోసారి అన్ని స్పీడుల్లో టకటక కొట్టండి. దాచేటప్పుడు షట్టరు లాగి ఉంచకండి. లెన్సు మూత పెట్టండి, కె1000కు ఆన్ ఆఫ్ బటన్ లేదు, మూత లేకపోతే మీటరు బ్యాటరీ తాగుతూనే ఉంటుంది.


లెక్కల_లక్ష్మి · మంగళవారం, ఉదయం 9:12

గోపిగారు దిగొచ్చారు! స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.


వేళచ్చేరి_రేవతి · ఆరు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:20

అప్‌డేట్ ఇస్తున్నాను.

కాగితం తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని రెండు సార్లు చదివి, "ఇది ఎవరు కొలిచారు?" అని అడిగాడు. నేనే అన్నాక బేరం మొదలైంది, నేను అడక్కుండానే. అన్నీ కలిపి 5,800కు ఒప్పుకున్నాడు. లెన్సు ఫంగస్‌కు వేరుగా 900. మొత్తం 6,700, అంటే అనుకున్నదానికంటే ఎక్కువే అయింది. టెన్షన్ పడుతూనే ఇచ్చాను. నెల అన్నవాడు ముప్పై నాలుగు రోజులు తీసుకున్నాడు, మధ్యలో రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రవిగారి మాట గుర్తొచ్చి కోపం తెచ్చుకోలేదు.

తిరిగి ఇచ్చేటప్పుడు ఒక చీటీ మీద స్పీడులు రాసిచ్చాడు. 1000 పెడితే 1/870 వస్తోందట, 500కు 1/460. ఇంటికొచ్చి సెకను కొలిచాను, 244 ఫ్రేములు.

ఖాళీ రీలు డబ్బాలో పాత ఫోము పొడి, అరిగిన స్క్రూ ఒకటి వేసి ఇచ్చాడు. ఆ తర్వాత "మీకొకటి చూపించాలి" అని, మళ్లీ బిగించే ముందు తీసుకున్న ఫోటో తన ఫోనులో చూపించాడు. అడుగు ప్లేటు లోపలి వైపున సూదితో గీకినట్టు "11-3-94" అని ఉంది, పక్కన తమిళంలో ఒక అక్షరం. దాని కింద తను కూడా ఇవాళ్టి తేదీ గీశానన్నాడు.

మామయ్యకు ఆ ఫోటో పంపించాను. పది నిమిషాలకు ఫోన్ చేశాడు. 94లో వెంకటగిరిలో ఒక పెళ్లిలో ఎవరో పిల్లాడు కెమెరా కింద పడేశాడట. రాత్రికి రాత్రి మెడ్రాసు బస్సెక్కి, మర్నాడు బాగుచేయించుకుని, గృహప్రవేశం టైముకు వెనక్కి వెళ్లాడట. "అప్పుడు వాడు నా దగ్గర 150 తీసుకున్నాడే" అన్నాడు.

రెండో రీలు నిన్న వచ్చింది. బెసంట్ నగర్ బీచ్‌లోనే, అదే ఎండలో, ఎఫ్8, 1000. పట్టీ లేదు. నారింజ చార లేదు. మూడు ఫోటోలు ఫోకస్ తప్పాయి, అది నా పొరపాటు. లక్ష్మిగారూ, లెక్క ప్రకారం ఇంకా పద్నాలుగు తీయాలి.


గ్రెయిన్_గోపి · ఆదివారం, సాయంత్రం 6:45

1000కి 870 అంటే చాలా బాగా చేశాడు. నా పాతది ఒకటి పంపాలి. నంబరు ఇక్కడ పెట్టొద్దు, మెసేజ్ చేయండి.


టి.నగర్_సూరి · ఆదివారం, సాయంత్రం 6:58

నాక్కూడా. మినోల్టా చూస్తాడా అడగండి.


నుంగంబాక్కం_నాని · ఆదివారం, రాత్రి 7:30

అక్కా, ఆ తారు ఫోము కొబ్బరినూనెతో పోతుందన్నారు కదా. చొక్కా మీద పడితే?


కోడంబాక్కం_బాబాయ్ · ఆదివారం, రాత్రి 9:10

చొక్కా మీద పడితే పోదు నానీ. పాత చొక్కా వేసుకుని కూర్చో.